పేర్లు మింగిన తేలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. రాజు పేరు రత్నకేతు, రాజ్యం పేరు గంధవరం. పెద్దకొడుకు జయకేతు, కత్తి తిప్పడంలో వాడి తర్వాతే ఎవరైనా. నడిపివాడు మణికేతు, గుర్రం ఎక్కితే వెనక దుమ్ము కూడా వాణ్ణి అందుకునేది కాదు. చిన్నవాడు వనకేతు. వీడికి కత్తీ అంతంతే, గుర్రమూ అంతంతే. మరి వీడేం చేసేవాడంటే, అడిగేవాడు. "ఇదేమిటి? అదెందుకు? అలాగే ఎందుకు?" అని పొద్దున్నే లేచింది మొదలు అడుగుతూనే ఉండేవాడు. వంటవాళ్లు వాడొస్తుంటే గరిటెలు పట్టుకుని పెరటిదారిన పారిపోయేవాళ్లు.

అన్నీ అడిగే వనకేతు ఒక్క సంగతి మాత్రం ఎన్నడూ అడగలేదు. అది మందు పేరు. గంధవరంలో ఎవరికి తేలు కుట్టినా, జెర్రి కరిచినా, కందిరీగ పొడిచినా, మందు తెలిసినవాళ్లు ఆకును గుప్పిట్లో దాచుకుని వచ్చేవాళ్లు. అటు తిరిగి నలిపి, పసరు పిండి, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయేవాళ్లు. ఏ ఆకు అని అడిగితే గుడ్లురిమేవాళ్లు. పేరు పలికితే మందు చచ్చిపోతుందని ఆ రాజ్యంలో ఉగ్గుపాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. వనకేతుకూ తెలుసు.

ఆ కొలువులో ఒక వైద్యుడున్నాడు. పేరు సౌమ్యనాథుడు. తెల్లని గడ్డం, మెత్తని మాట, నడుముకు ఎప్పుడూ వేలాడే వెండి భరిణె. రాజు పుట్టినప్పుడు బొడ్డుకు మందు రాసింది ఆయనే. రాజు తండ్రి పుట్టినప్పుడు రాసిందీ ఆయనేనట. అప్పుడూ అంతే గడ్డమట. "మందుల మనిషి, ఆయనకు ముసలితనం ఏమిటి?" అనుకునేవాళ్లు జనం. జనానికేం, ఏదైనా అనుకుంటారు. వనకేతుకు మాత్రం ఆయనంటే ప్రాణం. ఐదేళ్లప్పుడు జెర్రి కరిస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని, తెల్లారేదాకా పసరు రాస్తూ కూర్చున్నది ఆయనే. అందుకే నోరారా తాతగారూ అని పిలిచేవాడు.

ఇక పెద్దకొడుకుకు పట్టం కట్టే రోజు వచ్చింది. ఊరంతా తోరణాలు, బాజాలు, బూరెల వాసన. జయకేతు సింహాసనం ముందు తల వంచి నిలబడ్డాడు. రాజు రెండు చేతులా కిరీటం ఎత్తాడు. అంతే! కిరీటంలో తేలు!

మామూలు తేలనుకునేరు. అరచెయ్యంత ఉంది, కాటుకలా నల్లగా ఉంది, తోకకు ఒక కొండి కాదు, రెండు కొండీలున్నాయి. రెండూ ఒక్కసారే రాజు వేలిలో దించి, జరజరా పాకి ఎటుపోయిందో పోయింది. కిరీటం మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి బూరెల పళ్లెంలో పడింది. బాజాలవాళ్ల నోళ్లు సన్నాయిల మీదే ఉన్నాయి, ఊపిరి మాత్రం ఊదలేదు. రాజు చెయ్యి చూస్తుండగానే మణికట్టుదాకా నీలమైంది.

సౌమ్యనాథుడు పరుగున వచ్చి నాడి పట్టాడు. తెర వేయించి ఏదో పసరు రాశాడు. బాధ కాస్త తగ్గింది గానీ నీలం తగ్గలేదు.

"ప్రభూ, ఏమని చెప్పను?" అన్నాడు కళ్లనీళ్లతో. "ఇది ఊరి తేలు కాదు. ఏడు సముద్రాల అవతల కొండీరాయుడనే మాంత్రికుడున్నాడు. ఇది వాడు పంపిన తేలు. దీని విషం నెలకొక మెట్టు ఎక్కుతుంది. మొదటి నెలకు మోచెయ్యి, రెండో నెలకు భుజం, మూడో నెలకు గుండె. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక మెడ విరిస్తే విషం దిగుతుంది."

"చిలకే కదా!" అని జయకేతు ఆ రోజే కత్తి పట్టుకుని బయలుదేరాడు. నెల తిరిగింది. వాడు రాలేదు. విషం మోచెయ్యి చేరింది. "అన్నకు గుర్రం చేతకాదు" అని మణికేతు బయలుదేరాడు. ఇంకో నెల తిరిగింది. వాడూ రాలేదు. విషం భుజం చేరింది. ఇక మిగిలింది ఒక్క నెల, ఒక్క కొడుకు.

వనకేతు తండ్రి కాళ్లకు మొక్కాడు. రాజు కదిలే చేతిని వాడి తల మీద వేసి, "నాయనా, నువ్వూ పోతే నా కళ్లు మూసేదెవరు?" అన్నాడు. వనకేతుకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ దుఃఖం ఎవరికీ కనపడకూడదని కోట వెనక దిడ్డిదారిన, పిచ్చిమొక్కల్లోంచి నడిచి వెళ్లాడు. పంచె అంచు నిండా ఏవో ముళ్లగింజలు అంటుకున్నాయి. దులుపుకున్నా పోలేదు.

దిడ్డి దగ్గర కాపలావాళ్లు ఒక పిల్లను గెంటేస్తున్నారు. ఊరి చివర మందులిచ్చే సింగారమ్మ మనవరాలు, పేరు పైడి. సింగారమ్మ కిందటేడే పోయింది. పైడి గుప్పిలి బిగించి పట్టుకుని ఉంది.

"దొరా, రాజుగారికి తేలు మందు తెచ్చాను" అంది. "రెండు నెలల నుంచి వస్తన్నాను, రానియ్యరు. వైద్యులయ్య వద్దన్నాడంట."

"అదేం ఆకు?" అని అడగబోయాడు వనకేతు. అలవాటైన నోరు కదా. అడగబోయి చటుక్కున నాలుక కరుచుకున్నాడు.

పైడి మొహం పాలిపోయింది. "పేరడగమాకండి దొరా. మా అవ్వ పోతా పోతా చెవిలో చెప్పి, ఎవరికీ చెప్పనని చేతిలో ఒట్టేయించుకుంది. పలికితే మందు చచ్చిపోద్ది."

"వద్దు వద్దు, చెప్పకు" అన్నాడు వనకేతు కంగారుగా. "తాతగారు తీసుకోవద్దన్నారంటే ఏదో కారణం ఉంటుందిలే." అని తన దారిన తాను వెళ్లిపోయాడు. చూశారా! లోకంలో అన్నిటినీ అడిగినవాడు, అడగాల్సిన చోట నోరు మూసుకున్నాడు. ఈ సంగతి తర్వాత తలుచుకుని తల బాదుకుంటాడు, చూస్తూ ఉండండి.

మూడు రోజులు నడిచి కందిరీగల అడవి చేరాడు. చెట్టుకు వంద పట్లు వేలాడుతున్నాయి. ఒక చెట్టు కింద పెద్ద గుమ్మడికాయ కనపడింది. దగ్గరికెళ్తే గుమ్మడికాయకు పట్టుబట్టలున్నాయి. ఇంకా దగ్గరికెళ్తే అది మూలిగింది. వనకేతు వంగి చూశాడు. అది తన అన్న జయకేతు! దారికి అడ్డమని కందిరీగల పట్టును కత్తితో కొట్టాడట మహానుభావుడు. మొహం వాచి కళ్లెక్కడో, ముక్కెక్కడో తెలియడం లేదు. పక్కన ఒక ముంగిస కూర్చుని వాడి నోట్లో రేగుపళ్లు పెడుతోంది.

"నువ్వు వీడి తమ్ముడివా?" అంది ముంగిస. "తొందరగా తీసుకుపో బాబూ. రెండు నెలలుగా వీణ్ణి మేపలేక చస్తున్నాను."

"ముంగిసమ్మా, నీకు మందు తెలియదా?"

"తెలియకేం? వేస్తానన్నాను. ఫలానా ఆకు అని చెప్పబోతే రెండు చెవులూ మూసుకుని, పేరు చెప్పావంటే తల నరుకుతానన్నాడు. పేరు చెప్పకుండా మందు వెయ్యడం మా ముంగిసల్లో లేదు. రేపు నేను పోతే నా పిల్లలకెలా తెలుస్తుంది? అదిగో, కాళ్ల దగ్గరే ఉంది చూడు, తెల్లపూలది, తుమ్మి!"

"అయ్యో! ఎంత పని చేశావు!" అని వనకేతు దాని నోరు మూశాడు. అప్పటికే మాట బయటపడిపోయింది. ఇక అన్న గతి అంతే అనుకుని వాడు కూలబడ్డాడు. ముంగిస వాడి వేళ్లు విదిలించుకుని, తుమ్మి ఆకు నమిలి, జయకేతు మొహానికి పూసింది. గడియ కాలేదు, కళ్లు కనిపించాయి. రెండు గడియలు కాలేదు, ముక్కు కనిపించింది. మూడో గడియకు జయకేతు లేచి కూర్చుని, "ఏరీ ఆ కందిరీగలు?" అని కత్తి వెతుక్కున్నాడు.

వనకేతు ఆ ఆకు వంక చూశాడు. ముంగిస వంక చూశాడు. "పేరు చెప్పావు కదా. మరి మందెలా పనిచేసింది?"

"మా తాత చెప్పాడు, మా అమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. అది ఇంకా చావలేదు, పూలు కూడా పూస్తోంది" అంది ముంగిస.

పుట్టిన దగ్గర్నుంచి నిజమనుకున్నది నిజం కాకపోతే, కాళ్ల కింద నేల జరిగినట్టే కదా. అన్నను ఇంటికి పొమ్మంటే పోలేదు, నేనూ వస్తానన్నాడు. ముంగిస కూడా ఎగిరి వనకేతు భుజమెక్కి కూర్చుంది.

ఇంకో మూడు రోజులకు జెర్రుల గుహ వచ్చింది. గుహ బయట మణికేతు గుర్రం ఒంటరిగా గడ్డి మేస్తోంది. లోపల మణికేతు గోడకు ఒరిగి ఉన్నాడు, కాలు మొద్దులా వాచింది. ముంగిస ఈసారి చెవిలో చెప్పినట్టు చెప్పింది, పాపం, వనకేతు భయపడతాడని. "కుప్పింటాకు. రాతి ఉప్పు వేసి నూరు." వనకేతు నూరాడు, కట్టాడు. మూడో గడియకు మణికేతు లేచి నిలబడ్డాడు. పేరు పలికినా ఈ మందూ చావలేదు.

అక్కడి నుంచి ముగ్గురన్నదమ్ములూ సముద్రం ఒడ్డుకు చేరారు. ఒడ్డున కొండ, కొండ మీద గండభేరుండ పక్షి గూడు. గూట్లో పిల్ల గగ్గోలు పెడుతోంది. ఎర్రచీమలు కుట్టి దాని రెక్కలు బూరెల్లా పొంగాయి. తల్లిపక్షి ఏడుస్తూ చుట్టూ తిరుగుతోంది. వనకేతు గబగబా కొండెక్కాడు. దారిలో ముంగిస ఒక చెట్టు చూపించింది. వాడు ఆకు కోసి, కాస్త ఆగి, గుండె చిక్కబట్టుకుని, మొట్టమొదటిసారి తన నోటితో తానే అన్నాడు. "తల్లీ, ఇది వావిలాకు. నీ పిల్లకు రాస్తున్నాను. పేరు గుర్తు పెట్టుకో." పిల్ల రెక్కలు ఆడించింది. తల్లిపక్షి ఆనందం పట్టలేక, "ఏం కావాలో అడుగు నాయనా" అంది. వాడు అడిగాడు.

అన్నలను ఒడ్డున ఉంచి, వనకేతూ ముంగిసా పక్షి వీపెక్కారు. ఉప్పు సముద్రం దాటారు, చెరుకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రం మీద ముంగిస ఒక్క మునక వేసొస్తానంది, వనకేతు తోక పట్టుకుని ఆపాడు. పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం. ఏడూ దాటేసరికి పది రోజులు పట్టింది. చివర ఒక దీవి, దీవిలో మేడ, మేడలో బంగారు పంజరం, పంజరంలో చిలక.

పంజరం చుట్టూ నేల మీద తుప్పుపట్టిన కత్తులున్నాయి. ఎముకలున్నాయి. ఎముకల మీద కిరీటాలున్నాయి. వనకేతు ఆ ఎముకలను దాటుకుంటూ వెళ్లాడు. చెయ్యి లోపలికి పెట్టి చిలక మెడ పట్టుకున్నాడు.

"విరువు నాయనా, విరువు" అంది చిలక ఆవులిస్తూ. "ఇదివరకు నలభై మంది విరిచారు. మెడ మళ్లీ మొలుస్తుంది. ఈ నేలలోని తేళ్లు మాత్రం విరిచినవాణ్ణి కాటేస్తాయి. అందుకే ఈ ఎముకలు. నీలో ఏముందే అని ఒక్కడు అడిగితే ఒట్టు!"

వనకేతు మెడ వదిలేశాడు. "నీలో ఏముంది?"

చిలక కళ్లు మెరిశాయి. "జామగింజలు. ఇంకేముంటాయి? ప్రాణం పోతుందని భయపడేవాడు ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల ఒంటరిగా వదిలిపెడతాడా, పిచ్చివాడా? నడుముకే కట్టుకుంటాడు. చిలకలో ఉందని ఊరంతా చెబుతాడు. రాజకుమారులంతా ఇక్కడికొచ్చి చస్తారు. అక్కడ కొడుకుల్లేని రాజు చస్తాడు. రాజ్యం ఎవరిదవుతుంది?"

"ఎవరిది?" అన్నాడు వనకేతు. అడిగాడే గానీ, వాడికి అప్పటికే చలిజ్వరం వచ్చినట్టయింది. నడుముకు కట్టుకునేది ఎవరు? వెండి భరిణె ఎవరిది?

"సౌమ్యనాథుడంటారు మీ ఊళ్లో" అంది చిలక. "కొండీరాయుడు అసలు పేరు."

వనకేతు ఆ ఎముకల మధ్యే కూర్చుండిపోయాడు. తాతగారా! ఒళ్లో పడుకోబెట్టుకున్న తాతగారా! కాదని అరిచాడు. చిలకను తిట్టాడు. ఆ తర్వాత రాజు తండ్రి పుట్టినప్పుడూ అదే గడ్డమన్న మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

చిలక మెల్లగా చెప్పింది. "ఆ భరిణెలో తేలుంది. అది పురుగులను తినదు, పేర్లను తింటుంది. మందు తెలిసిన ముసలివాళ్లు పేరు ఎవరికీ చెప్పకుండా పోయినప్పుడల్లా ఆ పేరు తేలు నోట్లో పడుతుంది. ఒక్కో పేరుకు పదేళ్ల ఆయువు. అందుకే మూడొందల ఏళ్లనాడు వాడే ఆ మాట పుట్టించాడు, పేరు పలికితే మందు చచ్చిపోతుందని. పేరు పలికితే చచ్చేది మందు కాదు నాయనా, మాంత్రికుడు. ఇప్పుడు తేలు మందు పేరు తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు. ఆ మనిషి పదిమందిలో ఆ పేరు పలికితే తేలు చస్తుంది. పలకకుండా పోతే మాంత్రికుడికి ఇక చావే లేదు."

వనకేతుకు బిగించిన గుప్పిలి కళ్లముందు కదిలింది. "చెప్పకు" అన్నది తనే. అప్పుడు తల బాదుకున్నాడు, నేను ముందే అన్నానా లేదా! పంజరం తలుపు తీసి చిలకను ఎగరేశాడు. పక్షి వీపెక్కి, "గంధవరానికి! తొందరగా తల్లీ!" అన్నాడు. ఒడ్డున అన్నలనూ ఎక్కించుకున్నాడు.

సరిగ్గా మూడో నెల ఆఖరి రోజు పొద్దున్నే పక్షి కోటలో వాలింది. రాజు ఛాతీ మీద నీలం పాకింది, గుండెకు ఇంకా రెండు వేళ్ల ఎడం ఉంది. కొలువులోనే మంచం వేయించి, రాణి రాజు తల దగ్గర కూర్చుని ఉంది. కొలువంతా నిండి ఉంది. సింహాసనం పక్కన పళ్లెంలో కిరీటం పెట్టి ఉంది, దాని పక్కన చేతులు కట్టుకుని సౌమ్యనాథుడు నిలబడి ఉన్నాడు.

ముగ్గురు కొడుకులనూ చూడగానే ఆయన మొహంలో ఒక్క రెప్పపాటు ఏదో మారింది. వెంటనే చిరునవ్వు. "వచ్చావా నాయనా! చిలక మెడ విరిచావా?"

"పైడి ఎక్కడ?" అన్నాడు వనకేతు.

పైడి చెరసాలలో ఉంది. కోట గోడ ఎక్కబోయిందని పట్టుకున్నారట. జయకేతు తలుపు బద్దలుకొట్టి తీసుకొచ్చాడు. ఆ పిల్ల గుప్పిలి ఇంకా బిగించే ఉంది, ఆకు ఎండి పొడైనా వదల్లేదు. రెండో చేతిలో ఒక చింతగింజ ఉంది.

"పైడీ, ఆ ఆకు పేరు చెప్పు. అందరికీ వినబడేలా చెప్పు" అన్నాడు వనకేతు.

కొలువంతా ఒక్కసారి గొల్లుమంది. "వద్దు!" అని రాణి పైడి చేతులు పట్టుకుంది. "ఉన్న ఒక్క మందునూ చంపుతావా తల్లీ?" మంచం మీద నుంచి రాజు కూడా తల అడ్డంగా ఊపాడు. వనకేతు తుమ్మి సంగతి చెప్పాడు, కుప్పింటాకు సంగతి చెప్పాడు, వావిలాకు సంగతి చెప్పాడు. పేర్లు వినబడుతుంటే జనం చెవులు మూసుకున్నారు.

పైడి వెనక్కి జరిగింది. "అవి ముంగిస మందులు దొరా. ఇది మా అవ్వ మందు. ఒట్టేశాను. చెప్పాక మందు చస్తే, రాజుగారు చస్తే, ఆ పాపం ఎవరిది? నాదే కదా!"

"బంగారుతల్లివి" అన్నాడు సౌమ్యనాథుడు మెత్తగా. "పోయిన అవ్వకిచ్చిన మాట తప్పకు."

ఇక వనకేతు ఏం చేశాడో తెలుసా? ఒక్క ఉరుకున వెళ్లి ఆయన నడుము నుంచి భరిణె లాక్కున్నాడు. మూత తీశాడు. లోపల తేలు! కిరీటంలో ఉన్నదే, అవే రెండు కొండీలు! కొలువంతా నిశ్చేష్టులై చూస్తుండగా వాడు తన చెయ్యి ఆ భరిణెలో పెట్టాడు.

తేలు కుట్టింది. ఈసారి నెలకొక మెట్టు కాదు, పిల్లవాడి చెయ్యి వేళ్ల నుంచి మోచేతిదాకా ఊపిరి తీసేలోగా నల్లబడింది. "పైడీ" అన్నాడు పళ్లు బిగపట్టి. "మందు చస్తే ముందు పోయేది నేను. పాపం నాది. ఇప్పుడు చెప్పు."

వాడి మోకాళ్లు వంగాయి. పైడి వాణ్ణి చూసింది. అవ్వను తలుచుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని, గొంతు చించుకుని అరిచింది.

"ఉత్తరేణి! అవ్వా, నన్ను క్షమించు! ఉత్తరేణి! దారి పక్కన ఉంటది, బట్టలకు అంటుకుంటది, ఉత్తరేణి!"

ఆ మాట గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. అప్పుడు భరిణెలో తేలు గిలగిలా కొట్టుకుని నోరు తెరిచింది. దాని నోట్లోంచి గొంతులు బయటికొచ్చాయి! ముసలి గొంతులు, ఆడగొంతులు, మగగొంతులు, మూడొందల ఏళ్లుగా చెప్పకుండా పోయినవాళ్ల గొంతులు. ఒక్కొక్కటీ ఒక్కో ఆకు పేరు చెప్పింది. మిగతా ఆకుల పేర్లు చెప్పకుండానే పోయిన సింగారమ్మ గొంతు కూడా వాటిలో ఉంది. "చెప్పేశావా పిల్లా? మంచి పని చేశావు" అంది. పైడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది.

అది విని జనంలో ఒక ముసలమ్మ లేచింది. "నాకూ ఒకటి తెలుసు! ఈగ ముసిరిన పుండుకు వేపాకు!" ఇంకొకాయన లేచాడు. "తేనెటీగకు ఉల్లిగడ్డ!" ఇక ఆగలేదు. ఇన్నేళ్లు గుప్పిళ్లలో దాచినదంతా బయటికొచ్చింది. ఒక్కో పేరుకూ సౌమ్యనాథుడు పదేళ్లు ముసలివాడయ్యాడు. గడ్డం నేలకు తాకింది, నడుము వంగింది, పళ్లు రాలాయి. ఆఖరికి భరిణెలో తేలు చచ్చిపడింది, ఆయన తెల్లని బూడిదై, వెండి భరిణె పక్కన పిడికెడు మిగిలాడు.

పైడి అప్పటికే దిడ్డి బయటికి పరుగెత్తబోయింది, పచ్చి ఆకు కోసం. ముంగిస ఆపింది. "ఎక్కడికే? వీడి పంచె అంచు చూడు!" చూస్తే అంచు నిండా ఉత్తరేణి గింజలు. ఏడు సముద్రాలు తిరిగొచ్చినా ఊడలేదు. వెతుక్కుంటూ వెళ్లిన మందు, వెళ్లిన రోజు నుంచే వాణ్ణి పట్టుకుని వేలాడుతోంది! "గింజ ఉన్నచోటే మొక్క. మీ దొడ్డి నిండా అదే" అంది ముంగిస. మణికేతు ఒక్క దూకున వెళ్లి మోపెడు పీక్కొచ్చాడు.

పైడి ఆకు నలిపి పసరు పిండింది, ఒక చేత్తో రాజుకు, ఒక చేత్తో వనకేతుకు. చింతగింజను రాతి మీద అరగదీసి, వేడెక్కాక రాజు వేలికి పెట్టింది. గింజ గట్టిగా అతుక్కుంది. నీలం ఛాతీ నుంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి వేలికి దిగింది. విషమంతా లాగేసి గింజ టప్పున ఊడి కింద పడింది. రాజు లేచి కూర్చుని ఆ మొక్కను చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇదా!" అన్నాడు. "పట్టం రోజు పొద్దున కూడా పిచ్చిమొక్కని పీకించమన్నాను కదా!"

వనకేతు చెయ్యి తెల్లబడింది. అందరూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, ఒకళ్లనొకళ్లు కావలించుకుంటున్నారు. వాడొక్కడూ వెళ్లి ఆ పిడికెడు బూడిద దగ్గర కూర్చున్నాడు. ఎంత దుర్మార్గుడైనా, జెర్రి కరిచిన నాడు తెల్లారేదాకా పసరు రాసిన చెయ్యి ఆ చెయ్యే కదా. వాడికి చాలా బాధేసింది. ఆ బూడిదను ఉత్తరేణి పాదులోనే పోయించాడు.

జయకేతు కిరీటం వద్దన్నాడు. "గుమ్మడికాయకు కిరీటమెందుకు? అడగడం తెలిసినవాడే ఏలాలి" అన్నాడు. మణికేతు కూడా సరేనన్నాడు. ముందు కిరీటాన్ని బోర్లించి, మూడుసార్లు దులిపి, అప్పుడు వనకేతుకు పెట్టారు. అదే ముహూర్తాన పైడితో పెళ్లి చేశారు.

పెళ్లయి గడప దగ్గరికొస్తే ఆడపడుచులు తలుపు వేసి, పేర్లు చెబితేనే లోపలికి రానిస్తామంటారు కదా. ఆ రోజు తలుపు లోపల ముంగిస కూర్చుంది. "పెళ్లాం పేరు ఒక్కటీ చాలదు, మూడు ఆకుల పేర్లు కూడా చెప్పాలి!" అంది. "పైడి, తుమ్మి, కుప్పింట, వావిలి!" అన్నాడు వనకేతు. పైడికి సిగ్గేసింది, మొగుడి పేరు నోట రాలేదు. "ఉత్తరేణి" అంది తల వంచుకుని. తలుపు తెరుచుకుంది. ఆనాటి నుంచి గంధవరంలో పేర్లు చెప్పకుండా ఏ పెళ్లిజంటా గడప దాటలేదు. వనకేతూ పైడీ అరవై ఏళ్లు రాజ్యమేలారు. వాళ్ల ఏలుబడిలో తేలు కుట్టి ఏడ్చినవాళ్లున్నారు గానీ, మందు తెలియక పోయినవాళ్లు లేరు.

కథ గూటికి, ముంగిస పుట్టకు, మీరు అన్నాలకు. ఆగండాగండి, ఎక్కడికా పరుగు? పొద్దంతా చేలగట్ల మీద ఆడొచ్చారు కదా, మీ లంగాల అంచులూ లాగుల అంచులూ చూసుకోండి. ముళ్లగింజలు అంటుకున్నాయా? వాటి పేరేమిటో గట్టిగా చెప్పండి. చెప్పినవాళ్లకే ముద్ద.